కొత్తగా చేరిన చినత్సుకి

మొదటి మాట హిషో. అంటే మనమే.
రెండక్షరాలు. ఒకటి దాచడం, రెండోది రాయడం.
ఇరవై ఆరేళ్ళయింది నేనీ కుర్చీలో కూర్చుని,
ఏది దాచాలో ఏది రాయాలో
ఇప్పటికీ ఒక్కోసారి తడబడతాను.

ఫోను మూడుసార్లకి మించి మోగనివ్వకు.
మోగిందా, ముందు క్షమాపణ, తర్వాతే కంపెనీ పేరు.
"ర్యోకాయ్" అనకు, అది తోటివాళ్ళ మధ్య చెల్లే సరే.
ఇక్కడ "కషికొమరిమషిత".
చిత్తం అన్నమాట. నోటితో కాదు, వెన్నుతో అనాలి.
అవతలివాళ్ళకి కనపడకపోయినా
వంగిన గొంతు వినపడుతుంది.

ముద్ర వేసేటప్పుడు చూడు,
పైఅధికారి ముద్ర ఎడమ పక్కనుంటుంది.
మనది కాస్త అటు ఒరిగి ఉండాలి.
ఎర్ర సిరా కూడా దణ్ణం పెట్టాలి ఈ ఊళ్ళో.
(నాది కొంచెం ఎక్కువే ఒరుగుతుంది.
భక్తి కాదు, మణికట్టు నొప్పి.)

టీ ముందు తలుపుకి దూరంగా కూర్చున్నవాళ్ళకి.
కప్పు మీది పువ్వు వాళ్ళవైపు.
గచ్చు మీద నీ అడుగులకన్నా
కింద షెడ్డులో చెంచాలు మెరుగుపెట్టే చక్రాలే
ఎక్కువ చప్పుడు చెయ్యాలి.

ఇరుసు అని ఒక మాటుంది.
మనిషి లోపలే ఉంటాడు, లేడని చెప్తాం.
నవ్వకు. ఈ ఆఫీసంతా దానిమీదే తిరుగుతోంది.

ఇప్పుడు కష్టమైన పాఠం. పెన్సిల్ తియ్యి.
బయటివాళ్ళు ఫోన్ చేసి అధ్యక్షులవారున్నారా అంటే
ఆయన పేరుకి "సాన్" తగిలించకూడదు.
"కురమోచి సీటులో లేడు" అనాలి.
అవును, లేడు. గారూ లేదు, రూ లేదు.
బయటివాళ్ళ ముందు మనమంతా ఒక ఇల్లు,
ఇంటివాళ్ళని మనం పొగుడుకోం.
మొదటిసారి అన్నప్పుడు
ఆయన అద్దం తలుపు వెనకే ఉన్నారు.
నా చెవులు కాలిపోయాయి.
ఆయన తలెత్తి, బాగా చెప్పావన్నట్టు
చేతిలోని ఫోర్కు ఊపారు.

కానీ ఆవిడ ఫోన్ చేస్తే, ఆయన భార్య,
అప్పుడు లేరు. వారు. దయచేశారు.
ఆవిడ ముందు ఆయన మనవాడు కాదు, ఆవిడవారు.
గీత ఎక్కడ పడుతుందో
మాట ఎత్తేలోపే తెలియాలి నీకు.

పుస్తకంలో లేనిది ఇంకొకటుంది.

గురువారాల్లో, పదకొండు దాటాక,
సనాటోరియం నంబరు నుంచి ఫోనొస్తుంది.
ఆయన దిగిపోయి మూడేళ్ళయింది,
నువ్వు ఫొటోలోనే చూశావు.
గొంతు మాత్రం అదే, ఇనుము మీద ఆకురాయి.
"కురమోచి ఉన్నాడా?" అంటారు.

నేను లేచి నిలబడతాను, ఎందుకో.
బయటివారా? ఇంటివారా?
"సాన్" పెట్టనా, తీసెయ్యనా?
ఏ వ్యాకరణానికీ అందని మనిషి
లైనుకి ఆ చివర ఊపిరి పీలుస్తుంటాడు.
కిటికీ బయట మంచు
పార్కింగు గీతల్ని ఒక్కొక్కటే తుడిచేస్తుంటుంది.

మొదటి గురువారం లేడన్నాను.
"ఎప్పుడొస్తాడు?" అన్నారు.
రాత్రంతా నిద్ర లేదు నాకు.

ఇప్పుడు "ఉన్నారండీ" అంటాను.
"అయితే చెప్పు, ఆ తొమ్మిదో నంబరు చెంచా
మెడ దగ్గర సన్నం, వంగిపోతుంది."
"కషికొమరిమషిత."
నిజంగానే వంగుతుంది, చినత్సు. సరిచూశారు.

ఆ తర్వాత నేనేం చేస్తానంటే,
పసుపు చీటీ తీసి నింపుతాను, ఏ గడీ వదలను.
ఎవరికి: కురమోచి గారికి.
ఎవరి నుంచి: కురమోచి గారి నుంచి.
సమయం: పదకొండూ ఇరవై.
"తిరిగి ఫోన్ చేయాలి", "మళ్ళీ చేస్తారు",
రెండో దానికి టిక్కు.
విషయం: తొమ్మిదో నంబరు.
తీసుకున్నది: అని ఉన్నచోట నా ముద్ర.

కింది డ్రాయరులో పెట్టు.
తాళంచెవి ఇదిగో.
వచ్చే గురువారం నాకు సెలవు.